సూర్యనమస్కారాలు చేస్తున్నా కదా, ఇక నడకెందుకు?

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగిన వాదం ఇది. వదిన చాలా ఏళ్లుగా యోగా నేర్పుతున్నారు. మరిదికి నలభై నాలుగేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్యే ఆవిడ క్లాసులో చేరాడు, చేరిన వారానికే బీచ్ రోడ్డులో పొద్దుటి నడక మానేశాడు. ఇప్పుడు మగవాళ్లకని వేరే బ్యాచ్ పెట్టించాలని పట్టుపట్టాడు. గొడవంతా ఆ బ్యాచ్ గురించి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏమని రాయాలన్న దగ్గర మొదలైంది. నా మొగ్గు వదిన వైపే. అయినా మరిది మాటల్లో తేలిగ్గా కొట్టిపారేయలేనివి ఉన్నాయి, అవీ ఉన్నవున్నట్టే రాస్తున్నాను.

మరిది: వదినా, మెసేజ్ టైప్ చేసి ఉంచాను. మీరు ఊ అంటే పెట్టేస్తా. "మగవారికి ప్రత్యేక యోగా బ్యాచ్. శని, ఆదివారాల్లో ఉదయం ఆరింటికి. ఫుల్ కార్డియో. ఇక వాకింగ్, జిమ్ అక్కర్లేదు."

వదిన: బ్యాచ్ పెడదాం. ఆరింటికే పెడదాం. కార్డియో, అంటే గుండెకి దమ్ము పెంచే వ్యాయామం, అన్న దగ్గర్నుంచి మిగతాది తీసెయ్ చిన్నా.

మరిది: అది తీసేస్తే ఇంకేం మిగిలింది? మన బ్లాక్‌లో ఎవర్నైనా అడగండి, "యోగానా, మా ఆవిడ వెళ్తుందిగా" అంటారు. చెమట పట్టని పని అనీ, రిటైరయ్యాక చూద్దాంలే అనీ వాళ్ల లెక్క. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా ఇసకేస్తే రాలనంత జనం. మనవాళ్లంతా టీషర్టులేసుకుని వెళ్లి ఫొటోలు దిగారు. ఆ మర్నాడు మీ క్లాసుకి ఎంతమంది మగాళ్లొచ్చారు?

వదిన: ఒక్కరూ రాలేదు. నాకూ ఆ బాధ ఉంది. ఇది ఆడవాళ్ల వ్యవహారం అనే మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు అంతుపట్టదు. 1930ల్లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్యగారు నేర్పింది మగపిల్లలకే. తర్వాత పేరుమోసిన యోగా గురువులైన అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. 1937లో ఇంద్రాదేవి అనే విదేశీ మహిళ వచ్చి నేర్పమని అడిగితే ఆయన మొదట కుదరదన్నారు, మహారాజు చెప్పాక గానీ చేర్చుకోలేదు. అంతదాకా ఎందుకు, నువ్వు నడిచే బీచ్ రోడ్డులోనే కోడి రామమూర్తి నాయుడుగారి విగ్రహం ఉంది. ఛాతీకి ఇనప గొలుసు బిగించుకుని, ఊపిరి పీల్చి తెంపేసిన మనిషి. ఆయన్ని చూసి యోగా ఆడవాళ్లదని ఎవరైనా అంటారా?

మరిది: మరి నేననేదీ అదేగా! ఇది గట్టి పని అని చెప్పాలి. ఇవాళ్టి మగాడికి గట్టి పని అంటే అర్థమయ్యేది కార్డియో. నేను గాలి కబుర్లు చెప్పట్లేదు, నా వాచీ చూడండి. నిన్న వీరభద్రాసనంలో ఉన్నప్పుడు గుండె నిమిషానికి 118 సార్లు కొట్టుకుంది. 220లోంచి నా వయసు తీసేస్తే 176, అది నా గుండె గరిష్ఠ వేగం. అందులో 64 శాతం, అంటే 113 దాటితే మోస్తరు వ్యాయామం కిందికి వస్తుందని డాక్టర్లే చెప్తారు. నేను దాటాను. ఇంకేం కావాలి?

వదిన: గుండె వేగం ఒక్కటే చూస్తే, ఆఫీసులో మీ మేనేజర్ అరిచినప్పుడు కూడా నీకు కార్డియో అయినట్టే. అసలు చూడాల్సింది ఒంట్లో పెద్ద కండరాలు ఆగకుండా కదులుతూ ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాయన్నది. నడకలో, ఈతలో, సైకిల్ మీద కాళ్లు బిగుస్తూ వదులవుతూ ఉంటాయి. రక్తం ధారాళంగా వచ్చిపోతుంటుంది, ఆ ప్రవాహానికి తగ్గట్టు గుండె ఒక్కో దెబ్బకీ ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. వీరభద్రాసనంలో ముందు మోకాలు వంచి నిలబడ్డావు. నీ తొడ వణికింది, నేను చూశాను. అక్కడ కండరం బిగిసే ఉంటుంది, వదలదు. లోపల రక్తనాళాలు నొక్కుకుపోతాయి. బీపీ పెరుగుతుంది, దాంతోపాటు గుండె వేగమూ పెరుగుతుంది. ఆక్సిజన్ వాడకం మాత్రం ఆ మేరకు పెరగదు. దాంతో బలం వస్తుంది, కాదనను. దమ్ము రావడానికి చేసే పని మాత్రం అది కాదు. ఇంకోటి, చేతులు, పాదాలు నేలకి ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో మణికట్టు వంగి బరువు పడ్డప్పుడు ఆ వాచీ లెక్కలు అంతగా నమ్మొద్దు.

మరిది: సరే, ఆక్సిజన్ లెక్కే చెప్పండి.

వదిన: ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే ఖర్చుని ఒక మెట్ అంటారు. మూడు నుంచి ఆరు మెట్లయితే మోస్తరు వ్యాయామం, ఆరు దాటితే గట్టిది. మామూలు హఠయోగా రెండున్నర దగ్గర ఉంటుంది. 2007లో అమెరికాలో యోగా చేస్తున్నవాళ్లని ఆక్సిజన్ వాడకం లెక్కగట్టే గదిలో పెట్టి కొలిచారు. క్లాసు మొత్తం మీద గుండె వేగం సగటున 93, వాళ్ల గరిష్ఠంలో సగం కూడా లేదు. గంటకి 3.2 కిలోమీటర్ల నడకతో సమానం. అది మనం బజారులో కూరగాయలు చూసుకుంటూ నడిచే నడక.

(మరిది ఇక్కడ కాసేపు ఫోనులో వెతికాడు. ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.)

మరిది: దొరికింది. 2011లో సూర్యనమస్కారాలు మాత్రమే చేయించి చూశారు. రెండో ఆవృత్తికే గుండె గరిష్ఠ వేగంలో 80 శాతానికి చేరింది, నాలుగోసారికి 90. అరవై కిలోల మనిషికి అరగంటలో 230 కేలరీలు ఖర్చు. ఇది జాగింగ్ కాదా? మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజాగారు 1920ల్లో సూర్యనమస్కారాలని ఊరూరా ప్రచారం చేసింది వ్యాయామంగానే కదా? బడిపిల్లలతో చేయించారు, తనూ రోజూ చేశారు. ఆయనకి తట్టిన సంగతే నేనూ చెప్తున్నా.

వదిన: ఆ పరిశోధన నాకు తెలుసు. ఆరుగురి మీద చేసింది, వాళ్లూ అలవాటున్నవాళ్లు. అయినా అందులో నిజముంది, నేను దాచను. వేగంగా, ఆగకుండా చేస్తే సూర్యనమస్కారాలు కార్డియోనే. మరి మన క్లాసులో ఏం జరుగుతోందో చూడు. మొదటి పది నిమిషాలు ఊపిరి, ఆపైన మెడ, భుజాలు, మోకాళ్లు కదిలించడం. నమస్కారాలకి పన్నెండు నిమిషాలు, అదీ ప్రతి రెండింటికీ ఒకసారి తాడాసనంలో నిలబడి ఊపిరి సర్దుకుంటూ. తర్వాత నిలబడి చేసేవి, కూర్చుని చేసేవి, చివర్న పది నిమిషాలు శవాసనం. గంటలో నీ గుండెకి నిజంగా పని పడింది ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం. శని, ఆదివారాలు కలిపి ఇరవై నాలుగు నిమిషాలతో అది తీరుతుందా?

మరిది: అయితే వేగం పెంచండి! మగాళ్ల బ్యాచ్‌లో ఊపిరి సర్దుకోవడాలు వద్దు, నలభై నిమిషాలు నమస్కారాలే చేయించండి.

వదిన: ఎవరితో? మొన్న ముందు వరసలో నీ పక్కన చేసినాయన్ని చూశావా? పాదహస్తాసనంలో వేళ్లు మోకాళ్ల కిందకి దిగవు. పక్కవాళ్లకి అందుతోందని నడుం గూనిలా వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపు ఊపాడు. మొహం కందిపోయింది. నేను వెళ్లి మోకాళ్లు కొంచెం వంచమని, చేతుల కింద యోగా ఇటుకలు (బ్లాకులు) పెట్టేదాకా ఊపిరి వదల్లేదు. మీ మగాళ్లతో నాకు భయం ఇదే. రోజంతా కుర్చీలో కూర్చుని తొడ వెనక కండరాలు బిగిసిపోయి ఉంటాయి, తుంటి దగ్గర తిరగవలసినంత తిరగదు, ఆ లోటు నడుం మోస్తుంది. దానికి వేగం కూడా తోడైతే, ఒకరికి నడుం పట్టేస్తుంది, ఇంకొకరికి పిర్ర కింద తొడ కండరం ఎముకని అంటుకునే చోట సలుపు మొదలై నెలల తరబడి పోదు. బీపీ ఉన్నవాడు ఊపిరి బిగపట్టి ఊగితే అది ఇంకా ప్రమాదం. ముందు ఒక ఆర్నెల్లు నిదానంగా చేస్తే వేగం సంగతి నేనే చూస్తాను.

మరిది: వదినా, మీరు చెప్పేది ఒక టీచరుగా సరైనదే. నా వైపు నుంచి కూడా చూడండి. రాత్రి పదకొండింటిదాకా కాల్స్. పిల్లాడి స్కూలు బస్సు ఏడుంపావుకి. రోజులో నాకంటూ దొరికేది ఒక్క గంట. అందులో యోగా వేరే, నడక వేరే అంటే రెండూ మానేస్తాను, చాలామంది అలాగే మానేశారు. ఏదో ఒకటి చేయడం ఏమీ చేయకపోవడం కంటే మేలు కాదా? కార్డియో అని చెప్తే పదిమంది వస్తారు. వచ్చాక మీరు నేర్పాల్సింది నేర్పండి. అది అబద్ధమేం కాదు, సగం నిజమేగా.

(మరిది మొత్తం వాదంలో నాకు బరువుగా తోచింది ఈ ఒక్క మాట. టైము లేదన్నది సాకు కాదు, నిజం.)

వదిన: ఆ సగం నిజం నమ్మినాయన ఒకరు నా సాయంత్రం బ్యాచ్‌లో ఉన్నారు. షుగర్ ఉంది. రోజూ నలభై నిమిషాలు గబగబా నడిచే మనిషి. యోగాలో చేరాక, అంతా ఇందులోనే ఉందని ఎవరో చెప్పారట, నడక ఆపేశారు. కొన్నాళ్లకి ఒళ్లు బాగా వంగడం వచ్చింది, నడుం నొప్పి పోయింది, నిద్ర పడుతోందని సంతోషంగా చెప్పారు. లిఫ్ట్ పనిచేయని రోజు నాలుగో అంతస్తు ఎక్కేసరికి గోడ పట్టుకుని ఆగిపోయారు. ఇదివరకు అదే మెట్లు మాట్లాడుకుంటూ ఎక్కేవారు. ఆయనకి యోగా మేలే చేసింది. నడక చేసే మేలు మాత్రం పోయింది. నీ మెసేజ్‌లో "వాకింగ్ అక్కర్లేదు" అని రాశావు చూడు, అది నా గొంతులో ముల్లులా ఉంది.

మరిది: మరి గుండెజబ్బు వచ్చినవాళ్లకి ఆసుపత్రుల్లో యోగా నేర్పుతున్నారే? గుండెకి పనికిరానిదైతే ఎందుకు నేర్పుతారు?

వదిన: పనికిరాదని నేనెప్పుడన్నాను? మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద పరిశోధన చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. యోగాతో కూడిన పద్ధతి పాటించినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, మునుపటి పనుల్లోకి బాగా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు, మరణం లాంటివాటిలో మాత్రం తేడా ఉందని గట్టిగా తేల్చలేకపోయారు. చేతికి అందిన ఆ మేలు చిన్నదా? మంచం మీంచి లేచిన మనిషి ధైర్యంగా తన పని తను చేసుకుంటున్నాడు. నిన్నే తీసుకో. చేరినప్పుడు కింద కూర్చుని లేవాలంటే చెయ్యి ఆనించేవాడివి. ఒంటికాలి మీద నిలబడి వృక్షాసనంలో నాలుగు ఊపిర్లు ఆగలేకపోయావు. ఇప్పుడు ఆగుతున్నావు. ఇది బీచ్ రోడ్డులో ఎంత నడిచినా రాదు. యోగాకి సొంత గొప్పలు ఇన్ని ఉండగా, నడక గొప్పని అరువు తెచ్చి తగిలించడం దేనికి?

మరిది: అయితే నా గంట సంగతి?

వదిన: వారంలో ఎన్ని గంటలు?

మరిది: ఐదు. మహా అయితే ఆరు.

వదిన: మూడు రోజులు నడువు. ఊసులాడుకునే నడక కాదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం. యాభై నిమిషాల చొప్పున నడిస్తే 150 అక్కడే అయిపోతాయి. శని, ఆదివారాలు నా దగ్గరికి రా. ప్లాంక్‌లూ, వీరభద్రాసనాలూ నిలబెట్టి చేయిస్తాను, వారానికి రెండు రోజులు కండరాలకి పని ఉండాలన్న లెక్కలో చాలావరకు అవి సరిపోతాయి. బరువులు కూడా ఎత్తుతానంటే ఇంకా మంచిది.

మరిది: నేను ఒకటి మాత్రం వదలను. ఆర్నెల్ల తర్వాత ఇరవై నిమిషాలు ఆపకుండా నమస్కారాలు చేయగలిగితే, ఆ ఇరవై నా 150లో కలుపుకుంటాను.

వదిన: కలుపుకో. అప్పుడు కూడా మాట వస్తూ పాట రాకుండా ఉండాలి, మోచేతులు పక్కలకి విచ్చుకుపోకుండా కిందికి దిగాలి. అంతవరకూ కుదరదు.

మరిది: ఇంతకీ కార్డియో అన్నమాట లేకుండా వాళ్లనెలా రప్పించేది? "మనశ్శాంతి" అని రాస్తే మెసేజ్ తెరిచి కూడా చూడరు.

వదిన: ఉన్నదే రాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు రండి, చేత్తో పాదం అందనివాళ్లు రండి, కింద కూర్చుంటే లేవలేనివాళ్లు రండి అని రాయి. మన రెండు బ్లాకుల్లో మగాళ్లంతా ఇందులోనే ఉన్నారు. వేళ్లు నేలకి తాకాలన్న పట్టింపు ఇక్కడ లేదనీ, బెల్టులూ ఇటుకలూ నేనే ఇస్తాననీ రాయి. సిగ్గుపడి ఆగిపోయేవాళ్లు ఆ ఒక్క మాటకి వస్తారు. నడక మానొద్దని కూడా రాయి.

మరిది: అది కూడా రాయాలా?

వదిన: అది మొదటి వాక్యంగా రాయి. బీపీ మందులు వేసుకునేవాళ్లు, కంట్లో గ్లకోమా ఉన్నవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు నాకు విడిగా ఫోన్ చేయాలి. వాళ్లకి తల కిందికి పెట్టేవి చేయించను. ఖాళీ కడుపుతో రమ్మను, పొద్దున్నే కాఫీ తాగితే తాగారు, టిఫిన్ మాత్రం వద్దు. ఇంతే. చదివి వినిపించు, తర్వాత పెడుదువుగాని.