సవరణ: అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్ మూడు గంటల ప్రయాణం కాదండి

మొన్నటి పోస్టులో లక్షద్వీప్ అగత్తి నుంచి అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) 2,240 కిలోమీటర్లు, ఫ్లైట్‌లో మూడు గంటలు అని ఉంది కదా, అది చూసి అమలాపురం, రాజోలు వైపు వాళ్ళు ఒకే ట్రిప్పులో రెండూ చూసొచ్చేయొచ్చా అని అడుగుతున్నారు, అందుకే ఈ వివరణ.

కిలోమీటర్లు కరెక్టే, కానీ అది నేరుగా గీత గీసి కొలిచిన దూరం. సఖినేటిపల్లి రేవులో నిలబడితే గోదావరి అవతల నర్సాపురం ఎదురుగానే కనపడుతుంది, పంటు (రేవు దాటించే పడవ) లేకపోతే మాత్రం చించినాడ బ్రిడ్జి మీంచి చుట్టూ తిరిగి పోవాల్సిందే, ఇదీ అంతే. ఆ మూడు గంటలు జెట్ స్పీడుకి వేసిన లెక్క. అగత్తి రన్‌వే సుమారు 1.2 కిలోమీటర్లే, రెండు చివర్లా సముద్రం, పెద్ద జెట్లు దిగడానికి చాలదు, ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే దిగుతాయి, వాటి స్పీడు గంటకి 500 కిలోమీటర్లు అటూఇటూ.

కాబట్టి నేరుగా పోలేం, అగత్తి నుంచి కొచ్చి (460 కిలోమీటర్ల పైన), అక్కణ్ణుంచి చెన్నై, మళ్ళీ చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ (దాదాపు 1,370). గాల్లోనే ఐదు గంటలు పోతాయి, వెయిటింగ్ వేరే, కనెక్షన్ కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి ఆగాల్సిందే.

వాచీ మార్చక్కర్లేదు, టైమ్ ఒకటే, కానీ పోర్ట్ బ్లెయిర్‌లో అగత్తి కంటే గంటా ఇరవై నిమిషాల ముందే పొద్దు వాలిపోతుంది, సైట్‌సీయింగ్ పొద్దున్నే పెట్టుకోండి.

మధురపూడిలో (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) ఫ్లైట్ ఎక్కే మనవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు, దయచేసి రెండూ విడివిడిగా ప్లాన్ చేసుకోండి. లక్షద్వీప్‌కి పర్మిట్ ముందే తీసుకోవాలి, అది రాకుండా టిక్కెట్లు కొనకండి.