మిగతా 35 ఎక్కడ పోయాయి? మాష్ ఎఫిషియెన్సీ గారికి ఒక లేఖ

శ్రీయుత మాష్ ఎఫిషియెన్సీ గారికి,

డాలస్ శివార్లలోని ఒక గరాజ్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు 65 శాతం దగ్గర కదలకుండా క్షేమంగా ఉన్నారని బీరు కాచిన ప్రతి శనివారమూ నాకు తెలుస్తూనే ఉంది.

ఇది నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి ముందు మీ పరిచయం చేసేస్తాను. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, బరకగా మరపట్టి, 152 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 67 డిగ్రీల నీళ్ళలో గంటసేపు నాననిస్తే, గింజలో ఉన్న ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తాయి. ఆ నానబోసిన ముద్దే మాష్. మొలకెత్తిన రాగుల జావ మామూలు రాగి జావకన్నా పలచగా ఉండేది కూడా ఈ ఎంజైముల చలవే. ఆ తీపి నీళ్ళు వడగట్టి, చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలిపితే కొన్నాళ్ళకి బీరు. గింజ ఇవ్వగలిగిన దాంట్లో మన గిన్నెలోకి ఎంత దిగిందో చెప్పే అంకె మీరు. అంటే మీరు బీరు కాదు. బీరుకి వచ్చిన మార్కులు.

అక్కడే వచ్చింది చిక్కు. మా నాన్నగారు లెక్కల మాస్టారు. చిన్నప్పుడు 92 వచ్చాయని పరిగెత్తుకుంటూ వెళ్తే, "మిగతా ఎనిమిది ఎక్కడ పోయాయిరా?" అని అడిగిన మనిషి. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి మీరు మొదటిసారి కనిపించింది 58గా.

తెలుగు సంఘం పిక్నిక్‌లో మజ్జిగ పోయడానికి కొన్న 10 గాలన్ల కూలరే నా మాష్ టన్, అంటే మాష్ నానే పాత్ర. అడుగున జల్లెడ, పక్కన కుళాయి. పౌండు మామూలు మాల్ట్ గాలన్ నీళ్ళకి సుమారు 37 పాయింట్ల తీపి ఇవ్వగలదని లెక్క. 10 పౌండ్లు పోశాను, అంటే 370. మరిగించే కెటిల్లోకి దిగింది 6.5 గాలన్లు, నీళ్ళకన్నా ఎంత చిక్కనో కొలిచే హైడ్రోమీటర్ చూపింది 1.033, అంటే 33 పాయింట్లు. 33ని 6.5తో గుణిస్తే 214.5. 58 శాతం! ఫస్ట్ క్లాసుకి రెండు తక్కువ. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ముందు మర మీద పడ్డాను. షాపువాళ్ళు ఆడించి ఇచ్చిన మాల్ట్ దోసిట్లో పోసుకుని చూస్తే సగం గింజలు పెళ్ళికి అక్షింతల్లా చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు రోలర్ల మర కొన్నాను. మా అమ్మ పిండి మర దగ్గర నిలబడి "బరకగానే ఉండాలి, కానీ ఒక్క గింజ మిగలకూడదు" అనేది కదా, ఇక్కడా అదే సూత్రం. పైన పొట్టు చిరగకూడదు, లోపలి గింజ నాలుగైదు ముక్కలవ్వాలి. రోలర్ల మధ్య సందు 0.045 అంగుళాల నుంచి 0.034కి దించాను. హైడ్రోమీటర్ 1.037 అంది. మీరు 65 అయ్యారు. ఇంట్లో పాయసం చేయించాను. దేనికో మా ఆవిడకి చెప్పలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. సందు ఇంకా బిగించాను. పొట్టు పొడైపోయింది, మాష్ అట్టుకట్టింది, కుళాయి తిప్పితే చుక్క రాలేదు. దానికి విరుగుడు వరి ఊక అని తెలిసి, పౌండు ప్యాకెట్ డాలర్లు పోసి కొన్నాను. మా ఊళ్ళో ఇటుక బట్టీలకి ట్రాక్టర్ల మీద తోలే ఊకే అది. ఆ రసీదు ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

తరవాత పీహెచ్. మాష్ 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే ఎంజైములకి సుఖమట. మీ సుఖం కోసం మీటర్ కొన్నాను, దాన్ని సరిచూసే ద్రావణాలు కొన్నాను, లాక్టిక్ యాసిడ్ కొన్నాను. తీరా ముంచి చూస్తే 5.4. మొదటి నుంచీ అంతే ఉన్నట్టుంది పాపం. సీసా మూత తీయాల్సిన అవసరమే రాలేదు. గంట నానబెట్టేది గంటన్నర చేశాను. అయోడిన్ చుక్క వేస్తే గంటకే నల్లబడటం మానేసింది, అంటే మారాల్సిన పిండి అప్పటికే మారిపోయింది. మీరు మాత్రం 65.

ఇక మిగిలింది స్పార్జ్. తెలుగువాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు, కాఫీ ఫిల్టర్‌లో రెండో డికాక్షన్. మొదటి తీపి దిగాక గింజలో చిక్కుకున్న చక్కెరని మళ్ళీ వేడినీళ్ళు పోసి కడగడం. నేను మూడో డికాక్షన్, నాలుగో డికాక్షన్ కూడా తీశాను. తీపి పలచబడి రీడింగ్ 1.010 కిందికి జారినా, ఇక పొట్టులోని టానిన్లు దిగుతాయని పుస్తకాలు మొత్తుకుంటున్నా పిండుతూనే ఉన్నాను. మీరు ఒక్క శాతం కదిలారు. బీరు కరక్కాయ కషాయంలా వగరెక్కింది. రుచి చూసిన మిత్రుడు "దగ్గుకి పనికొస్తుందేమో" అన్నాడు. నేను మాత్రం "66 వచ్చింది తెలుసా?" అన్నాను.

అప్పుడు, జూలైలో, నాన్నగారు వచ్చారు. ఆయన చుక్క ముట్టరు. కానీ గరాజ్ గోడ మీద శాతాల పట్టిక చూసి ఆగిపోయారు.

"65 ఏమిట్రా ఇది?"

చెప్పాను. తరవాతి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు.

"మిగతా 35 ఎక్కడ పోయాయి?"

ఆ రోజు కాచిన దాని నమూనా గాజు గొట్టంలో పోసి, గది వేడికి చల్లారనిచ్చి, చూపించాను. 1.037. ఆయన కళ్ళజోడు సవరించుకుని హైడ్రోమీటర్ లోపలి చిన్న కాగితం చదివారు. "60 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాసుందిరా దీని మీద. ఈ గరాజ్ ఎంతుంది?" గోడ థర్మామీటర్ 100 చూపిస్తోంది. డాలస్‌లో జూలై మధ్యాహ్నం నా గది వేడి అది.

"మన గేదెల పాలు కేంద్రానికి పోసినప్పుడు చూళ్ళేదూ? పితికిన వెచ్చదనం ఆరకుండా లాక్టోమీటర్ వేస్తే అది ఇంకాస్త మునిగేది. నీళ్ళు కలిపామని మన మీద నింద. పేపర్ దిద్దడంలో తప్పుంటే సప్లిమెంటరీ రాస్తావేంట్రా, రీకౌంటింగ్ పెట్టించాలి గానీ!"

పెట్టించాను. 100 డిగ్రీల దగ్గర 1.037 అంటే, అసలు సంగతి 1.043. మళ్ళీ గుణిస్తే 75.5. ఇన్ని నెలలూ నేను వెతికిన పది శాతం గాజు గొట్టంలోనే మునిగి కూర్చుంది! ఎగిరి గంతేశాను. నాన్నగారు వేయలేదు. "ఆ ఆరున్నర గాలన్లు ఎప్పుడు కొలిచావు?" అన్నారు. మరగబోయే ముందు, గీతల కర్ర ముంచి. ఆ వేడిలో నీళ్ళు 4 శాతం ఉబ్బుతాయి, చల్లారితే 6.24. రీకౌంటింగ్‌లో మార్కులు తగ్గే అవకాశం కూడా ఉందని దరఖాస్తు ఫారం ఎవరు చదువుతారు? చివరికి తేలింది 72.5.

అంతటితో వదల్లేదు ఆయన. 65 నుంచి 75కి మిమ్మల్ని లాగితే ఎంత మిగులుతుందో లెక్క వేశారు. గింజలు పౌండుంపావు కన్నా కాస్త ఎక్కువ, నేను కొనే ధరకి రెండు డాలర్ల అరవై ఏడు సెంట్లు. మరకీ మీటరుకీ కలిపి నేను పోసింది 240 డాలర్లు. అంటే 90 సార్లు కాచాలి, నెలకొకసారి చొప్పున ఏడున్నరేళ్ళు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి అమెరికా ఫెడరల్ చట్టం ఏడాదికి 200 గాలన్లు దాటనివ్వదు. అయిదేసి గాలన్లు చొప్పున ఆ గీత దాకా కాచినా రెండేళ్ళ పైమాటే. 1978లో కార్టర్ సంతకం పెట్టి ఇంట్లో బీరు కాచుకోనిచ్చినప్పుడు ఇలాంటి పిచ్చివాడొకడు తయారవుతాడని ఊహించి ఉండడు.

కాబట్టి అయ్యా, మీకు తెలియజేయునది ఏమనగా, బీరు లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్‌లో మీ గడిలో 72 అని రాసేశాను. ఇకనుంచి నమూనాని ఐసునీళ్ళలో పెట్టి చల్లారుస్తాను, మాష్‌ని ఉండలు లేకుండా బాగా కలుపుతాను, తక్కువ పడితే గుప్పెడు గింజలు ఎక్కువ పోస్తాను. మీ తమ్ముడు బ్రూహౌస్ ఎఫిషియెన్సీ, అదే, కెటిల్ అడుగున, గొట్టాల్లో మిగిలిపోయినదంతా లెక్కగట్టి నన్ను దెప్పేవాడు, ఈ మధ్య తలుపు తడుతున్నాడు. ఇంట్లో లేనని చెప్పండి.

ఇట్లు,
72.5 శాతంతో పాసైన
మీ విధేయుడు

తా.క. పక్క వీధిలో ఒకతను తనకి 85 వస్తుందని చెప్పుకుంటున్నాడు. నాన్నగారికి చెప్పకుండా ఉండాల్సింది. "గీతల కర్ర ఏ వేడిలో ముంచుతాడో కనుక్కునిరా" అని పొద్దున్నించీ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.