చెప్పుల స్టాండుకు నొప్పులు తగ్గాయి

బూట్లలో పెట్టుకునే ఇన్‌సోల్‌ను కనిపెట్టింది ఓరుగల్లు వాళ్లేనని ఇంతవరకు ఎవరూ అధికారికంగా ప్రకటించకపోవడం విచారకరం. ఆధారం పాలంపేటలో ఉంది. 1213 నాటి రామప్ప గుడి పునాదిలో మనవాళ్లు ఇసుక నింపారు. పైన ఎంత బరువున్నా, కింద నేల కాస్త అదిరినా, ఆ ఇసుక సర్దుకుని గుడిని కాపాడాలని వాళ్ల ఆలోచన. 2021లో యునెస్కో వాళ్లు ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. రాతి గుడికి అడుగున మెత్త వేసిన జాతి, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత తన మోకాళ్ల కోసం అదే మెత్తను హనుమకొండలో వేలు పోసి కొనుక్కుంటోంది. కొనుక్కుని, గడప బయట విడిచి లోపలికి పోతోంది.

సంగతి తెలియని వారి కోసం కాస్త శాస్త్రం. నిలబడి చీలమండలు దగ్గరికి తేబోతే మోకాళ్లే ముందు తగిలి, చీలమండలు ఎడంగా ఉండిపోతే దాన్ని నాక్ నీస్ అంటారు. ఇలాంటి కాళ్లలో బరువు మోకాలి బయటివైపు ఎక్కువ పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అటువైపు గుజ్జు అరగొచ్చు. దీనికి తోడు పాదం చదునుగా ఉంటే, అడుగు వేసినప్పుడల్లా అరికాలి వంపు కుంగి, చీలమండ లోపలికి ఒరిగి, దాని వెంట మోకాలు ఇంకాస్త లోపలికి పోతుంది. ఇన్‌సోల్ లోపలి అంచున కొంచెం ఎత్తు పెట్టి ఆ ఒరుగుడును తగ్గించాలని చూస్తారు. ఎముక వంకరను అది సరిచేయదు. పెద్దవాళ్లలో ఆ పని కావాలంటే ఎముక కోసి నిలబెట్టే ఆపరేషనే. ఇన్‌సోల్ చేయగలిగిందల్లా బరువు పడే తీరును కొద్దిగా మార్చడం, కొందరికి నొప్పి తగ్గించడం. అది కూడా, కాలు దాని మీద ఉన్నంతసేపే.

మన చిక్కంతా ఆ చివరి మాటతోనే. సగటు వరంగల్ మనిషి కాలు ఇన్‌సోల్ మీద ఎప్పుడు ఉంటుందో లెక్క తీయండి. ఇంట్లో ఉండదు, ఉంటే పెద్దవాళ్లు ఊరుకోరు. భద్రకాళి గుడిలో, వేయి స్తంభాల గుడిలో ఉండదు. బతుకమ్మ ఆడేటప్పుడు ఉండదు. కొత్తగా ఏసీ పెట్టించి తెల్ల టైల్స్ పరిచిన సెల్‌ఫోన్ షాపులోనూ ఈమధ్య ఉండటం లేదు. మరి బూట్లు వేసుకునేది ఎప్పుడయ్యా అంటే, బండి మీద. అక్కడ ఎడమ కాలు గేర్ రాడ్డు మీద, కుడి కాలు బ్రేకు మీద. బరువంతా మోసేది సీటు. ఆ లెక్కన వేల రూపాయల ఇన్‌సోల్ హంటర్ రోడ్డు నుంచి కాజీపేట దాకా హాయిగా షికారు చేసి, గమ్యం రాగానే చెప్పుల స్టాండు ఎక్కుతుంది. మోకాళ్లు ఉత్త కాళ్ల మీద లోపలికి నడిచిపోతాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎముకల డాక్టరు గారి క్లినిక్కే. గుమ్మం మీద బోర్డు: ‘చెప్పులు బయటనే విడువవలెను’. లోపల రాసేది ఇన్‌సోల్, బయట విడిచేది ఇన్‌సోల్. ఆ గుమ్మం ముందు గుట్టను ఓసారి పరీక్షగా చూడండి. ఏ జత నాక్ నీస్ వారిదో డాక్టరు అక్కర్లేకుండా చెప్పొచ్చు. మడమ లోపలి అంచు ఒకవైపే అరిగి, బూటు బొటనవేలి వైపు వాలి ఉంటుంది. అందులోంచి నీలం రంగు మెత్త ఒకటి తొంగి చూస్తుంటుంది, మీద ధర చీటీ సగం ఊడి. అటెండరు వచ్చి దాన్ని కాలితో ఒక్క తోపు తోసి వరసలో పెడతాడు. దానికి ఆ రోజు అందిన వ్యాయామం అంతే.

కొత్త ఇన్‌సోల్‌ను ఒక్కసారే రోజంతా వేసుకోవద్దు, మొదట రోజుకు గంటో రెండు గంటలో వేసుకుని మెల్లగా పెంచాలి అంటారు. ఈ సూచనను మన జిల్లా పాటించినంత నిష్ఠగా ఎవరూ పాటించి ఉండరు. అందరూ ఆ మొదటి గంట దగ్గరే స్థిరపడిపోయారు.

గుడి దగ్గర బూట్లు పోతే మాత్రం బాధపడనక్కర్లేదు, ఇందులో లోతైన తర్కం ఉంది. జ్యోతిష్యం ప్రకారం మోకాళ్లది మకర రాశి, ఆ రాశికి అధిపతి శని. గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలినట్టేనని మన నమ్మకం. కాబట్టి ఇన్‌సోల్‌తో సహా బూట్లు పోయినవాడి మోకాళ్లకు పట్టిన శని వదిలినట్టే. డాక్టర్లు మోకాలికి అరికాలితో ముడిపెడితే నవ్వినవాళ్లు, దీన్ని మాత్రం తల ఊపుతూ విన్నారు. ఎత్తుకెళ్లిన వాడి కాళ్లు ఎటు వంగాయో పాపం, అవతలివాడి కొలతకు చేసిన మెత్త మీద ఇప్పుడు అతను నడుస్తున్నాడు.

కొలత అంటే గుర్తొచ్చింది. మా మేనమామకు మోకాళ్లు లోపలికి, అత్తయ్యకు బయటికి. ఒకే ఇంట్లో రెండు రకాల జతలు దండగని, ఆయనకు చేయించినదే ఆమె కూడా వాడేసింది. ఆమెకు ఎత్తు పెడితే గిడితే బయటి అంచున పెట్టాలి. లోపలి అంచున పెడితే అసలే బరువు మోస్తున్న వైపే ఇంకాస్త మోపినట్టు. ఉమ్మడి ఆస్తిలో ఇలాంటివి చూడకూడదని ఆమె వాదన.

ఇక పోలీసు ఉద్యోగాల కుర్రాళ్లు. తెల్లవారక ముందే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరుగు తీసేవాళ్లలో ఈ టెన్షన్ లేనివాడు తక్కువ. కానిస్టేబుల్ నోటిఫికేషన్లో నాక్ నీస్, చదును పాదాలు రెండూ ఉండరాదని రాసి ఉంటుంది. అందుకని రాత్రి మోకాళ్ల మధ్య దిండు పెట్టి, చీలమండలను తువ్వాలతో కలిపి కట్టి పడుకునేవాళ్లున్నారు. ఎదుగుదల ఆగిన ఎముకను తువ్వాల ఏమీ చేయలేదు, నిద్ర మాత్రం చెడుతుంది. పోనీ ఇన్‌సోల్ పెట్టుకుపోదామంటే, మెడికల్ టెస్టులో ముందుగా చెప్పేది బూట్లు విప్పమనే.

పసిపిల్లల విషయంలో ఇన్‌సోల్‌కు గట్టి పోటీ అమ్మమ్మల నుంచి ఉంది. రెండేళ్లలోపు పిల్లల కాళ్లు బయటికి వంగి ఉంటాయి. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి వస్తాయి. ఏడెనిమిదేళ్లకు చాలామందిలో వాటంతట అవే సర్దుకుంటాయి. అంతా అయ్యాక ‘‘నా నూనె మర్దన తోనే బిడ్డ కాళ్లు సక్కగైనయ్’’ అని అమ్మమ్మ, మా మెత్తతోనే అని షాపువాడు. ఆ ఈడు దాటినా వంకర పెరుగుతున్నా, ఒక్క కాలికే ఉన్నా డాక్టరుకు చూపించాలి. అది విటమిన్ డి లోపమూ కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండ ఊళ్లలో మోకాళ్లు ఇలా లోపలికి వంగడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల్లోనే రాశారు. అక్కడ కావలసింది ఫ్లోరైడ్ లేని నీళ్లు. నీళ్ల గురించి నాయకులు మాట్లాడుతూ ఉన్నారు, వాళ్ల మోకాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

ఇన్‌సోల్ ఒక్కటే చాలదు, తుంటి పక్క కండరాలు గట్టిపడాలి, పక్కకు పడుకుని పై కాలు నెమ్మదిగా లేపి దించు అని ఫిజియోథెరపిస్టు మామయ్యకు చెప్పింది. ఆయన చాప పరిచి మొదలుపెట్టగానే అత్తయ్య వంటింట్లోంచి, ‘‘పండుకోని కాలు లేపుడు గూడ పనేనా?’’ అంది. ఆ వ్యాయామం ఆ రోజుతో ముగిసింది.

చివరికి రాజీ మార్గం దొరికింది. ఇంట్లో వేసుకోవడానికి, అరికాలి వంపుకు ఊతమున్న చెప్పులు వేరే కొన్నారు. టైల్స్ మీద ఉత్త కాళ్లతో తిరగొద్దని డాక్టరు మాట. దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పూజ గదిలోకి వద్దు, వంటింట్లోకి అసలే వద్దు. కింద కూర్చుని అన్నం తినే హాల్లోకి చెప్పులేంది అన్నారు. మిగిలింది బాత్రూం నుంచి వెనక వాష్ ఏరియా దాకా ఉన్న సందు. మామయ్య రోజూ సాయంత్రం అక్కడే అటూ ఇటూ వాకింగ్ చేస్తున్నాడు. మొన్న వెళ్లేసరికి భుజం మీద తడి బట్టలున్నాయి.

‘‘ఎట్లాగూ అటే తిరుగుతున్నవ్ గదా’’ అంటోంది అత్తయ్య, ‘‘ఆ బకెట్ల ఇంకో రెండు దుప్పట్లున్నయ్, అవి గూడ ఆరెయ్యి.’’