వంతు వచ్చింది కదా అని ప్రైజ్ ఇచ్చేయడమేనా?

నోబెల్ ప్రకటనలు మొదలైతే చాలు, మ్యాథ్స్‌కి ఎందుకు లేదు ఎకాలజీకి ఎందుకు లేదు అని అందరూ పోస్టులు పెడతారు. బాబూ, ఆ లోటు తీర్చడానికే క్రాఫోర్డ్ ప్రైజ్ అని ఒకటుంది, ఫిజిక్స్ కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చే స్వీడన్ సైన్స్ అకాడమీ వాళ్ళే 1982 నుంచీ ఇస్తున్నారు, పట్టించుకునేవాళ్ళే లేరు. ఒక ఏడాది ఆస్ట్రానమీ, మ్యాథ్స్, తర్వాతి ఏడాది భూమికి సంబంధించిన సైన్సులు, ఆ తర్వాత బయాలజీ, అదీ ముఖ్యంగా ఎకాలజీ, మళ్ళీ మొదటికి. చిన్న మార్పే చివరికి వాతావరణాన్ని ఎంతో మార్చేయొచ్చనే సీతాకోకచిలుక ఎఫెక్ట్ చెప్పిన లోరెంజ్ ఉన్నాడే, ఆయనకి నోబెల్ రాలేదు, 1983లో ఇది వచ్చింది.

వంతులు వేయడం మీద నాకేం గొడవ లేదు. ఒక థియరమ్‌నీ ఒక అడవి మీద చేసిన రీసెర్చ్‌నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పో తేల్చమంటే ఎవరు తేలుస్తారు? కాకపోతే మొదట్లో మ్యాథ్స్, ఆస్ట్రానమీ ఒకే వంతుని పంచుకునేవి, అంటే మ్యాథ్స్ వాళ్ళకి ఛాన్స్ ఆరేళ్ళకోసారి, 1982, 1988, 1994 అలా. 2008 నుంచి రెండింటికీ ఒకే ఏడాది ఇస్తున్నారు, మంచి పని చేశారు.

నా బాధల్లా వంతు వచ్చిందంటే ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలనే లెక్కతోనే. ఎందుకంటే ఇదే ప్రైజ్‌లో దీనికి పూర్తిగా రివర్స్‌లో ఒక ఫీల్డ్ ఉంది, కీళ్ళవాతం. ప్రైజ్ పెట్టిన హోల్గర్ క్రాఫోర్డ్ చివరి రోజుల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో బాగా ఇబ్బంది పడ్డాడట, అందుకే అది చేర్చారు, కానీ దానికి వంతు లేదు, నిజంగా చెప్పుకోదగ్గ ప్రోగ్రెస్ వచ్చిందని కమిటీ ఒప్పుకుంటేనే ఇస్తారు. మరి ఫస్ట్ టైమ్ ఎప్పుడిచ్చారనుకున్నారు? 2000లో! స్వయంగా డబ్బు పెట్టినాయన జబ్బు, అయినా 18 ఏళ్ళు ఆగారు. ఇచ్చింది ఎవరికి, టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని అడ్డుకుంటే వాపు తగ్గుతుందని పేషెంట్లలో చూపించిన మైనీ, ఫెల్డ్‌మన్‌లకి, ఆ దారిలో వచ్చిన మందులతోనే ఈ జబ్బు ట్రీట్‌మెంట్ మారిపోయింది. 2017లో రెగ్యులేటరీ టి సెల్స్ (మన ఇమ్యూనిటీ మన ఒంటి మీదే దాడి చేయకుండా ఆపే కణాలు) మీద పనికి సకాగుచి, రామ్స్‌డెల్, రుడెన్‌స్కీలకి ఇచ్చారు, అందులో మొదటి ఇద్దరికీ 2025లో నోబెల్ వచ్చింది. వంతు లేని ఫీల్డ్‌లోనే సెలక్షన్ ఇంత గట్టిగా ఉంటే మిగతావాటికి ఆ రూల్ పెట్టడానికేం?

ప్రైజ్ లేని ఏడాది ఆ సబ్జెక్ట్‌ని ఎవరూ పట్టించుకోరు అంటారా, కొంత నిజమే, జియాలజీ పేరు న్యూస్‌లో వచ్చేదే తక్కువ. అయితే ఆ డబ్బు దాచి తర్వాతి వంతులో కలపండి, లేదా ఇంకా పేరు రాని కుర్ర రీసెర్చర్లకి గ్రాంట్లుగా పంచండి. పెద్ద ప్రొఫెసర్లకి ఎలాగూ షెల్ఫ్‌లో చోటు లేనన్ని మెడల్స్ ఉంటాయి.