ఆకుపచ్చ హైడ్రోజన్ ఎక్కడుంది?

(బల్ల మీద ‘సృష్టి స్తంభాలు’ పోస్టరు: అంతరిక్షంలో స్తంభాల్లా నిలిచిన వాయువు, ధూళి మేఘాలను హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన ఫొటో. బాబాయి ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపినవాడు. అమ్మాయి ఇంటి డాబా మీంచి ఇలాంటి మేఘాలను, అంటే నెబ్యులాలను, ఫొటో తీస్తుంది.)

బాబాయి: హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుందని నువ్వే చెప్పావు. ఇందులో ఆకుపచ్చగా ఉందేమ్మా?

అమ్మాయి: ఆ రంగు మనుషులు ఇచ్చిందే బాబాయ్. కానీ ఊహించి పూసింది కాదు. హబుల్ కెమెరాకి తెలిసింది బ్లాక్ అండ్ వైటే. గంధకం వెలుగు తరంగదైర్ఘ్యం 673 నానోమీటర్లు, హైడ్రోజన్‌ది 656, ఆక్సిజన్‌ది 501. ఒక్కో ఫిల్టరు పెట్టి ఒక్కోదాన్నే లోపలికి రానిచ్చారు. తర్వాత వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇచ్చి కలిపారు.

బాబాయి: బ్లాక్ అండ్ వైట్ పెళ్లి ఫొటోలకి నేనూ చేత్తో రంగులు వేశాను. చీర రంగు అడిగి మరీ వేసేవాణ్ణి. ఎర్ర చీరకి ఆకుపచ్చ వేస్తే పెళ్లికూతురు ఊరుకునేదా?

అమ్మాయి: ఇక్కడ రెండు చీరలున్నాయి, రెండూ ఎరుపే! గంధకానికీ హైడ్రోజన్‌కీ తేడా 17 నానోమీటర్లు. ఉన్నదున్నట్టు వేస్తే రెండూ కలిసిపోతాయి. ఇదిగో, స్తంభం అంచు చూడు. పెద్ద నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి వాయువు ఆవిరైపోతున్న చోటు ఇది. గంధకం ఇక్కడే సన్నటి గీతలా వెలుగుతుంది. ఆక్సిజన్ దూరంగా, పలచగా పరుచుకుంది. ఈ సంగతి చెప్పేది ఆ రంగే.

బాబాయి: మరి నక్షత్రాలు గులాబీ రంగులో ఉన్నాయే?

అమ్మాయి: అది లోపమే. హైడ్రోజన్ వెలుగు మిగతా రెంటినీ ముంచేస్తుందని దాన్ని తగ్గిస్తారు. దాంతో నక్షత్రాల్లోనూ ఆకుపచ్చ తగ్గి ఎరుపు, నీలం మిగులుతాయి. నేను తీసినవాటిలోనూ అలాగే వస్తుంది. నాకూ నచ్చదు.

బాబాయి: పోనీ ఇదంతా కింద రాయొచ్చుగా! నా మనవడు ఈ పోస్టరు గోడకి అంటించుకున్నాడు. పేరు తప్ప ఒక్క ముక్క లేదు. ఆకాశంలో ఆకుపచ్చ మబ్బు ఉందనుకుంటున్నాడు వాడు.

అమ్మాయి: అందులో నేను నీ పక్షమే. ఏ ఫిల్టరుకి ఏ రంగో ఒక్క లైను రాయాలి. నా ఫొటోలన్నిటి కిందా రాస్తాను.

బాబాయి: పక్కన అసలు రంగుల ఫొటో కూడా పెట్టు.

అమ్మాయి: పెడతాను. అది చాలావరకు ఎరుపే ఉంటుంది. ఇందులో గంధకం ఏదని అడుగుతాడు వాడు.

బాబాయి: అడగనీ. అప్పుడు ఈ పోస్టరు చూపిస్తాను.