ట్రేస్ బటన్ నొక్కితే గీసినట్టు కాదు

నిన్న రాత్రి పదకొండు దాకా షాపులో కూర్చుని ఒకే ఒక్క "శ్రీ" సరిచేశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కడపలో ఏడు రోడ్ల దగ్గర కొత్తగా బట్టల షాపు పెట్టుకున్న అన్న వచ్చి, "లోగో పెన్‌డ్రైవ్‌లో తెచ్చినా, అద్దానికి రేడియం కటింగ్ చేసీ బ్బా" అన్నాడు. వేరేచోట డబ్బులిచ్చి వెక్టర్ (చుక్కలతో కాక గీతల లెక్కతో ఉండే బొమ్మ) చేయించుకున్నాడట. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో తెరిచి చూస్తే ఒక్క "శ్రీ"కే ఆరువందల పైన నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే బిందువులు! వాట్సాప్‌లో వచ్చిన జేపీజీని పెట్టి ట్రేస్ (ఫోటోను తనంతట తానే గీతలుగా మార్చే బటన్) కొట్టి, వెక్టర్ అని చేతిలో పెట్టారు.

జేపీజీ అంటే రంగు చుక్కల గుంపు. దాని అంచు ఎప్పుడూ మసకగానే ఉంటుంది. ట్రేస్ ఆ మసకలో కనిపించిన ప్రతి గతుకునూ వంపే అనుకుని అక్కడొక నోడ్ పెడుతుంది. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది. స్టిక్కర్ కోసే మెషీన్ ప్లాటర్‌కి పంపితే తెలుస్తుంది అసలు సంగతి. నోడ్ వచ్చినచోటల్లా కత్తి తడబడుతుంది, అంచు రంపంలా వస్తుంది. చుట్టూ ఉన్న స్టిక్కర్ పీకేటప్పుడు సన్నటి క్రావడి కూడా దాంతోపాటే లేచి వచ్చేస్తుంది. మొదటి ముక్క నాకు అలాగే పాడైంది.

ఆ ఫైలు పక్కనపెట్టి పెన్ టూల్‌తో మళ్లీ గీశాను. ముప్పై ఎనిమిది నోడ్లు సరిపోయాయి.

నోడ్లతో వంపు గీసే ఈ లెక్క పుట్టిందే మెషీన్ల కోసం. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో, రెనోలో పియర్ బెజియే 1960లలో, కారు బాడీ వంపులను లెక్కల్లో చెప్పడానికి దీన్ని తయారుచేశారు. రెండు నోడ్లు, వాటికి రెండు హ్యాండిళ్లు (వంపు ఎటు తిరగాలో చెప్పే పుల్లలు) ఇస్తే మధ్య గీతను కంప్యూటరే లెక్కగట్టుకుంటుంది. విజిటింగ్ కార్డుకైనా, హోర్డింగుకైనా అదే గీత. సున్నా గీయడానికి నాలుగు నోడ్లు చాలు: పైన, కింద, కుడి, ఎడమ. నిజమైన వృత్తానికీ దానికీ తేడా 0.03 శాతం కూడా ఉండదు. తెలుగు అక్షరాలు దాదాపు అన్నీ ఇలాంటి గుండ్రాలే కదా! వంపు ఎక్కడ తిరుగుతుందో అక్కడ నోడ్ పెట్టి, హ్యాండిల్‌ను నిలువుగానో అడ్డంగానో లాగితే అక్షరం దానంతటదే కుదురుతుంది. మన లిపి కోసమే ఈ పద్ధతి వచ్చిందా అనిపిస్తుంది నాకు.

మనకు ఇంకో చిక్కుంది. చాలా తెలుగు ఫాంట్లలో అక్షరం, గుడి దీర్ఘం, వత్తు విడివిడి ముక్కలు. అక్షరాలను కర్వ్స్‌గా (గీతలుగా) మార్చాక, అన్నిటినీ ఒక్క వస్తువుగా కట్టే కంబైన్ కొడితే ఒకదానిమీద ఒకటి పడ్డచోట తెల్లటి చిల్లు పడుతుంది. అలాగే వదిలేస్తే కత్తి క్రావడి మధ్యలోంచి కోసేస్తుంది. వెల్డ్ చేయాలి తమ్ముళ్లూ, వెల్డ్. ముక్కలను అతికి ఒకే అంచుగా చేసేది అదే. "లక్ష్మీ" రాసిన బోర్డుల్లో మ వత్తు దగ్గర చిల్లులు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అది ఎవరో కడుపు కట్టుకుని పెట్టుకున్న షాపు పేరు.

ఫోటోషాప్‌లో పనిచేసే పిల్లలకూ ఒక మాట. షేప్ లేయర్‌ను (గీతలతో ఉన్న పొరను) తొందరపడి రాస్టరైజ్ చేయకండి, అంటే చుక్కలుగా మార్చకండి. చిన్నది చేసి మళ్లీ పెద్దది చేస్తే అది ఇక చుక్కలే. సాఫ్ట్‌వేర్ కొనలేమంటారా, ఇంక్‌స్కేప్ 2003 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. వెక్టర్‌ను దాచే ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఫైళ్లు రెండూ అందులోంచే తీయవచ్చు. ఆ రెండు ఫైళ్లూ కస్టమర్ చేతికి ఇవ్వండి. "ఫైలిస్తే మళ్లీ మనదగ్గరికి రాడు" అని దాచుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన డబ్బులిచ్చాడు, ఆ పేరు ఆయనది.

పొద్దున అద్దానికి అంటించి వచ్చాం. టేప్ లాగేటప్పుడు క్రావడి కొస లేస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. కదల్లేదు. రెండు ఫైళ్లూ అన్న ఫోన్‌లోకి పంపాను.