సాహిత్ తీగల గొప్పవాడే, ఆ మెసేజ్ మాత్రం అబద్ధాల పుట్ట

తెలుగు మూలాలున్న అమెరికా గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల గురించి "గర్వపడు తెలుగోడా, పది మందికి పంపు" అని మొదలయ్యే ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది బాగా చదువుకున్న మిత్రుడు. అపార్ట్‌మెంట్ గ్రూపులో, క్లాస్‌మేట్ల గ్రూపులో, బంధువుల గ్రూపులో ఎక్కడ చూసినా అదే ఫొటో, అవే ఆరు పాయింట్లు. తప్పని చెప్తే "పోనీలే, మనవాడి గురించి మంచే కదా రాశారు" అంటున్నారు. మంచేమీ రాయలేదు. అందులో ఒక పాయింట్ పిల్లల ఆరోగ్యానికి ముప్పు తెచ్చేది. ఇంకొకటి సాహిత్ చేసిన గొప్ప పనిని తలకిందులు చేసి చెప్పింది. ఇక ఊరుకోదలచుకోలేదు.

మొదటి పాయింట్: "పీజీఏ టూర్‌లో గెలిచిన తొలి భారత సంతతి ఆటగాడు." కాదు. పీజీఏ టూర్ అంటే అమెరికాలో జరిగే అగ్రశ్రేణి గోల్ఫ్ పోటీల వరుస. ఫిజీలో పుట్టిన విజయ్ సింగ్ భారత సంతతివాడే. ఆయన ఖాతాలో 34 పీజీఏ టూర్ విజయాలున్నాయి, వాటిలో మూడు మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద నాలుగు పోటీల్లో గెలిచినవి. అర్జున్ అత్వాల్ 2010లో విండమ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. నేరుగా ప్రవేశం లేక, సోమవారం జరిగే క్వాలిఫయింగ్ ఆడి లోపలికొచ్చి, ఆదివారానికి ట్రోఫీ ఎత్తినవాడు. తండ్రి వైపు నుంచి భారతీయుడైన డేనియల్ చోప్రా 2007లో ఒకటి, 2008లో ఒకటి గెలిచాడు. సాహిత్ గెలిచింది 2023 సెప్టెంబర్‌లో, కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్. అదే ఏడాది జూలైలోనే అక్షయ్ భాటియా బారకూడా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఒకరిని పొగడటానికి నలుగురి పేర్లు చెరిపేయాలా? హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడిన ఇంట్లో పుట్టిన కుర్రాడు పీజీఏ టూర్‌లో గెలిచాడు. అంతవరకు రాస్తే సరిపోయేది, నిజంగానే గర్వపడేవాళ్లం.

రెండోది, "విదేశీ గడ్డపై భారత జెండా ఎగరేశాడు." అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన అమెరికన్. 2024లో మాంట్రియల్‌లో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు, ఆ జట్టు గెలిచింది కూడా. జెండా సంగతి అంతే.

మూడోది, "టైగర్ వుడ్స్‌ను మట్టి కరిపించాడు." సాహిత్‌కు టూర్ కార్డు, అంటే పీజీఏ టూర్‌లో ఆడే అర్హత, వచ్చింది 2021లో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే టైగర్ కాలు కారు ప్రమాదంలో నుజ్జయింది. తర్వాత ఏడాదికి కొద్దిపాటి పోటీలు ఆడటమే గగనమైంది. 2023లో మాస్టర్స్ అనే మేజర్ పోటీలో ఇద్దరూ ఉన్న మాట నిజం. టైగర్ మూడో రౌండ్ మధ్యలో పాదం నొప్పితో తప్పుకున్నాడు, తొలిసారి మాస్టర్స్ ఆడిన సాహిత్ తొమ్మిదో స్థానంలో నిలిచాడు. అడుగు వేయలేక వెళ్లిపోయిన మనిషిని మట్టి కరిపించాడని రాయడం ఇద్దరికీ అవమానమే.

ఇక నాలుగోది. దీని దగ్గర నాకు ఓపిక పోయింది. "పుట్టుకతో వెన్నెముక వంకర. డాక్టర్లు ఆపరేషన్ అన్నారు. తండ్రి వినలేదు, గోల్ఫ్ కర్ర చేతికిచ్చాడు. ఆటతోనే వెన్ను నిటారైంది. మీ పిల్లలకూ బ్రేస్‌లు, ఆపరేషన్లు వద్దు, ఆటలో పెట్టండి!"

సాహిత్‌కు స్కోలియోసిస్, అంటే వెన్నెముక పక్కకు వంగడం, ఉంది. ఆ సంగతి అతను దాచలేదు. కానీ అది ఆటతో పోలేదు. ఆ వంపుతోనే ఆడుతున్నాడు. పక్కకు ఒరిగే అతని స్వింగ్ చూడండి, పుస్తకంలో బొమ్మలా ఉండదు. ఉన్న ఒంటికి తగ్గట్టు తయారు చేసుకున్న స్వింగ్ అది. వంపుతో బతకడం, ఆడటం వేరు, వంపు నయం కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి పిల్లల తల్లిదండ్రులకు సలహా ఇచ్చే అధికారం ఎవరిచ్చారు?

స్కోలియోసిస్‌లో అన్నిటికన్నా ముఖ్యం సమయం. పది నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు గబగబా ఎదిగేటప్పుడే వంపు కూడా పెరుగుతుంది. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు దాటితేనే దాన్ని స్కోలియోసిస్ అంటారు. తక్కువగా ఉంటే కొన్ని నెలలకోసారి చూసుకుంటే చాలు. ఎదుగుతున్న పిల్లల్లో 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే సాధారణంగా బ్రేస్ (వీపు, నడుము చుట్టూ తొడిగే గట్టి కవచం) వేయమంటారు. 45, 50 దాటాక ఆపరేషన్ మాట వస్తుంది. బ్రేస్ వెన్నును నిటారుగా చేసేయదు. ఎదుగుదల ఆగేదాకా వంపు ముదరకుండా పట్టి ఉంచుతుంది, దాని పని అదే. ఆ పని చేస్తుందనడానికి ఆధారం ఉంది. అమెరికా, కెనడాల్లో చేసిన పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల పూర్తయింది. వేసుకోనివాళ్లలో ఆ సంఖ్య 48 శాతమే. రోజులో ఎక్కువ గంటలు వేసుకున్నవాళ్లకు ఫలితం ఇంకా బాగుంది.

అంటే ఈ మెసేజ్ నమ్మి పన్నెండేళ్ల పిల్లకు బ్రేస్ మాన్పించి రెండేళ్లు ఆటలో పెడితే, ఆ రెండేళ్లు తిరిగి రావు. ఎముకలు ఎదగడం ఆగాక బ్రేస్ వేసినా ప్రయోజనం లేదు. అప్పటికి వంపు బాగా ముదిరి ఉంటే మిగిలేది ఆపరేషనే, ఏది వద్దని ఈ మెసేజ్ చెప్పిందో అదే. ఆ ఇంటికి ఎవరు జవాబు చెప్తారు, ఫార్వర్డ్ చేసినవాళ్లా? పైగా గోల్ఫ్ ఒకే వైపు తిరిగి బలంగా కొట్టే ఆట. స్కోలియోసిస్ పిల్లలకు ఫిజియోథెరపిస్టులు నేర్పే వ్యాయామాలు వేరే ఉన్నాయి, వాటిలో గోల్ఫ్ లేదు. పిల్లలు ఆడుకోవచ్చు, చాలామందిని డాక్టర్లే ఆడుకోమంటారు. ఆటను చికిత్స అనడమే తప్పు.

జడ వేసేటప్పుడో, స్నానం చేయించేటప్పుడో ఒక భుజం ఎత్తుగా కనిపించినా, ఒక రెక్క ఎముక పొడుచుకొచ్చినా, ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఉబ్బినట్టున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. గ్రూపులో అడిగి కూర్చోకండి.

ఐదోది, "స్కూలు మానేసి రోజుకు పది గంటలు ఆడాడు." అతను పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదివాడు. అమెరికాలో మార్కులు రాకపోతే కాలేజీ జట్టులో ఆడనివ్వరు. మధ్యలో మణికట్టు ఆపరేషన్‌తో ఒక సీజన్ పోయింది. తిరిగొచ్చి 2020లో హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ గెలిచాడు. మూడూ కాలేజీ ఆటగాళ్లకు ఇచ్చేవే. స్కూలు మానేసి ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు.

ఆరోదాని మొదటి సగం నన్ను నిజంగా బాధపెట్టింది. "2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో తెల్ల అంపైర్లు అన్యాయంగా రెండు స్ట్రోకులు వేసి మనవాణ్ని తొక్కేశారు." గోల్ఫ్‌లో బంతిని కొట్టే ఒక్కో దెబ్బ ఒక స్ట్రోకు, తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాడే విజేత. జరిగింది వినండి. ఈస్ట్ లేక్ గోల్ఫ్ కోర్సులో మూడో రౌండ్, మూడో హోల్. బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకినట్టు సాహిత్‌కు అనిపించింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. అతనే రూల్స్ అధికారికి చెప్పాడు, రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. చివరికి రెండో స్థానంలో ఉన్న కాలిన్ మొరికావాకు సరిగ్గా రెండు స్ట్రోకులు వెనకబడి మూడోవాడయ్యాడు. మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే రెండో స్థానం ఇద్దరూ పంచుకుని చెరో కోటి డాలర్లు తీసుకునేవారు. నోరు మూసుకుని ఉంటే 25 లక్షల డాలర్లు, అంటే మన డబ్బులో దాదాపు 21 కోట్ల రూపాయలు ఎక్కువ వచ్చే అవకాశం ఉండేది. అయినా చెప్పాడు. ఈ నిజాయితీని చూపించి పిల్లలకు కథ చెప్పుకోవాల్సింది పోయి, అతన్ని ఏడుపుగొట్టు బాధితుణ్ని చేసి, చేయని అన్యాయాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దుతారా? తన మీద తానే పెనాల్టీ చెప్పుకున్న మనిషి పేరుతో అబద్ధం పంచడానికి చేతులెలా వచ్చాయి?

అదే పాయింట్ రెండో సగం మాత్రం ఒప్పుకోవాలి: "ఇతని గెలుపు కన్నా ఓటములు గొప్పవి." రాసినవాళ్లు ఎందుకన్నారో తెలియదు కానీ ఆ మాట నిజం. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో మూడు రౌండ్ల తర్వాత అతనే ముందున్నాడు. ఆదివారం 17వ హోల్‌లో బంతి నేల మీద పడి పక్కకు దొర్లి నీళ్లలోకి వెళ్లింది. స్కోరు సమమైనవాళ్లు ఆడే ప్లేఆఫ్‌కు ఒక్క స్ట్రోకు దూరంలో ఆగిపోయి అమ్మానాన్నల దగ్గర ఏడ్చాడు. జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో చివరి హోల్‌కు ఒక స్ట్రోకు ఆధిక్యంతో వచ్చాడు. బంతి బంకర్ అంచు కింద ఇరుక్కుంది, డబుల్ బోగీ (ఆ హోల్‌కు నిర్ణయించిన దానికన్నా రెండు స్ట్రోకులు ఎక్కువ), టైటిల్ జాండర్ షాఫ్లీకి పోయింది. నవంబర్‌లో ఆర్ఎస్ఎం క్లాసిక్‌లో మళ్లీ రెండో స్థానమే. ఒక్క ఏడాదిలో ఇన్ని దెబ్బలు తిని కూడా, నాపాలో ఆఖరి రోజు మళ్లీ ఆధిక్యంతో బరిలోకి దిగి, ఈసారి చేజార్చుకోలేదు.

పంపాలనుకుంటే గెలుపు కన్నా ఓటములు గొప్పవన్న ఆ ఒక్క వాక్యం పంపండి. నాలుగో పాయింట్‌ను ఇప్పటికే ఏయే గ్రూపుల్లో పెట్టారో అక్కడికి వెళ్లి తీసేయండి, అది తప్పని కింద రాయండి.